బసాల్టు నది, గ్రానైటు వాగు: రామగుండం–మంథని మేరలో ఒండ్రు లోహాల కేస్ స్టడీ

రామగుండం దగ్గర గోదావరి ఒండ్రు తీసి, అందులో రాగి కొలిచి, పాఠ్యపుస్తకాల్లో ఉండే సగటు షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి) అంకెతో పోలిస్తే నది కలుషితమైందనే జవాబు వస్తుంది. ఫ్యాక్టరీ నీడ కూడా పడని బసాల్టు (లావా గడ్డకట్టిన నల్లరాయి) నేలల వాగులో ఒండ్రు తీసి పోల్చినా చాలాసార్లు అదే జవాబు వస్తుంది. ఈ కేసులో ముడి అక్కడే ఉంది. 'ఎక్కువ' అని రాసేముందు దేనికంటే ఎక్కువో తేలాలి. ఆ పోలిక ఒకే రాతి నుంచి వచ్చిన మట్టి మధ్య జరగాలి.

కింద ఉదాహరణలుగా ఇచ్చిన సాంద్రతలూ ప్రవాహాలూ లెక్క నడిచే తీరు చూపడానికి వేసుకున్నవి, ఫలానా రోజు నదిలో కొలిచినవి కావు. పరిమితులు, ఆమ్లాల మోతాదులు, ఉష్ణోగ్రతలు మాత్రం పనిలో వాడేవే.

మేర, ప్రశ్న

ఎల్లంపల్లి దిగువ నుంచి మంథని దాకా గోదావరి. కుడి గట్టున రామగుండం, గోదావరిఖని. ఎడమ గట్టున మంచిర్యాల. రామగుండంలో థర్మల్ విద్యుత్తు 1983 నుంచి నడుస్తోంది. చుట్టూ సింగరేణి భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు, ఎరువుల కర్మాగారం, సిమెంటు, వీటన్నిటి మధ్య పెరిగిన పట్టణాల మోరీలు. ఇలాంటి చోట కుడి గట్టున నదిలో కలిసే ఒక వాగును తీసుకుందాం. థర్మల్ కేంద్రం బొగ్గు బూడిదను నిలవచేసే బూడిద చెరువు నుంచి పొర్లే నీళ్లు, గనిలోంచి పంపులతో తోడే నీళ్లు, బస్తీ మురుగు మూడూ దాంట్లోనే పడతాయి. వాగు నదికి ఏ లోహాలు మోస్తోంది, ఎంత మోస్తోంది, ఆ మూడింటిలో దేని వాటా ఎంత అన్నది ప్రశ్న.

ఇలాంటి పరిశీలనకు పిలుపు సాధారణంగా చేపలు చచ్చిన రోజు వస్తుంది. ఆ రోజు లోహాల వెంట పరుగెత్తడం దండగ. ముందు చూడాల్సింది కరిగిన ఆక్సిజన్, అమ్మోనియా, పీహెచ్, ఉష్ణోగ్రత. ఒక్క రాత్రిలో గుంపుగా చేపలు తేలితే ఎక్కువసార్లు కారణం ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది. లోహాల కథ నెమ్మదిగా సాగేది. దాని లెక్క నీళ్లలో కంటే అడుగు ఒండ్రులో నిలిచి ఉంటుంది.

రాళ్ల లెక్క

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టి, వందల కిలోమీటర్లు దక్కన్ లావా నేలల మీదుగా వస్తుంది. పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం ఆ బసాల్టే. బసాల్టులో ఇనుము, టైటానియం, వెనేడియం, రాగి, కోబాల్టు ఎక్కువ. సీసం బాగా తక్కువ. మన వాగులు వచ్చేది గ్రానైటు, నైస్ నేలల నుంచి, నదికి దగ్గరయ్యే కొద్దీ గోండ్వానా ఇసుకరాయి నుంచి. గ్రానైటులో సీసం, పొటాషియం ఎక్కువ. రాగి, నికెల్ తక్కువ. సిరిసిల్ల, కరీంనగర్ నేలల మీదుగా వచ్చే మానేరు కూడా గ్రానైటు బిడ్డే. అంటే ఒక్క చిమ్నీ లేకపోయినా, గ్రానైటు వాగు నదిలో కలిసిన చోట ఒండ్రులో సీసం పెరుగుతుంది, రాగి తగ్గుతుంది.

ముల్లర్ 1969లో ఇచ్చిన జియో-అక్యుములేషన్ సూచికతో, అంటే ఒండ్రులో లోహం నేపథ్యం (కాలుష్యం లేనప్పుడు ఉండే స్థాయి) కంటే ఎంత పేరుకుందో చెప్పే అంకెతో, దీన్ని చూడొచ్చు. నమూనాలోని సాంద్రతను నేపథ్య సాంద్రతకు ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథం తీయాలి. సున్నా కంటే తక్కువైతే కాలుష్యం లేదు, 0–1 అయితే స్వల్పం, 1–2 అయితే మధ్యస్థం.

నది దిగువ స్టేషన్లో రాగి కిలోకు 108 మి.గ్రా. అనుకుందాం. టురేకియన్, వెడెపోల్ 1961లో ఇచ్చిన పట్టికలో సగటు షేల్ రాగి 45. 108ని 67.5తో భాగిస్తే 1.6, సూచిక 0.68. 'స్వల్ప కాలుష్యం' అని రిపోర్టులో పడిపోతుంది. అదే నదిలో వాగు కలవక ముందు తీసిన ఒండ్రులో రాగి 90 ఉంటే, 108ని 135తో భాగించాలి: 0.8, సూచిక మైనస్ 0.32. కాలుష్యం లేదు.

ఇప్పుడు వాగులో సీసం 34 అనుకుందాం. ఎగువ గోదావరి ఒండ్రులోని 12ను నేపథ్యంగా పెట్టుకుంటే సూచిక 0.92, ఎవరి మీదో కేసు వేసేంత. వాగు తలకట్టులో, ఏ మోరీ కలవని చోట గ్రానైటు ఒండ్రులో 26 ఉంటే సూచిక మైనస్ 0.2. అదే వాగులో జింకు తలకట్టు దగ్గర 70, బస్తీ మురుగు కలిశాక 310 అనుకుంటే సూచిక 1.56. ఇది రాతి నుంచి రాదు. రాగి, సీసం తీర్పులను మార్చింది నేపథ్యం ఒక్కటే. జింకు తీర్పు సొంత రాతితో పోల్చినా నిలిచింది.

కాబట్టి ఎగువ స్టేషన్లు రెండు కావాలి: నదికి ఒకటి, వాగుకు ఒకటి. వాగు బూడిద చెరువు కట్ట కిందనే మొదలైతే దానికి ఎగువ అంటూ ఉండదు. అప్పుడు అదే రాతి మీద పారే పక్క ఒర్రెను తీసుకోవాలి, లేదా వాగు పాత గట్టులో ఆగర్‌తో (మట్టిని తొలిచే బర్మాతో) మీటరు పైగా లోతుకు దిగి పాత ఒండ్రు తీయాలి. పొలం గట్టు మట్టి తీసుకురావద్దు. ఫాస్ఫేటు ఎరువులతో కాడ్మియం, తోటలున్న చోట మైలుతుత్తంతో రాగి అందులోకి చేరి ఉంటాయి.

అల్యూమినియంతో భాగించే అలవాటు ఇక్కడ చెల్లదు

బంకమన్ను ఎక్కువున్న నమూనాలో లోహం ఎలాగూ ఎక్కువే ఉంటుంది. అందుకని లోహాన్ని అల్యూమినియంతో భాగించి, ఆ నిష్పత్తి నేపథ్యానికి ఎన్ని రెట్లుందో చెప్పే ఎన్‌రిచ్‌మెంట్ ఫ్యాక్టర్ కట్టడం వాడుక. బూడిద చెరువు పక్కన అది బెడిసికొడుతుంది. మన బొగ్గు బూడిదలో అల్యూమినా బరువులో 20–30 శాతం దాకా ఉంటుంది. ఒండ్రులో బూడిద కలిసిన కొద్దీ భాజకం కూడా పెరిగి నిష్పత్తి చదునుగా కనిపిస్తుంది. కాలుష్యం చేసిన పదార్థమే కాలుష్యాన్ని దాచిపెడుతుందన్నమాట.

బదులుగా రెండు పనులు చెయ్యాలి. అన్ని నమూనాలనూ 63 మైక్రాన్ల కంటే సన్నటి భాగానికే పరిమితం చెయ్యాలి. తర్వాత ఎగువ నమూనాలు కనీసం ఎనిమిది, పది పెట్టుకుని, వాటిలో రాగికి టైటానియానికి మధ్య గీత గీసి, దిగువ నమూనా ఆ గీతకు ఎంత పైన పడిందో చూడాలి. నదికి ఒక గీత, వాగుకు ఒక గీత. రెండూ కలిపి ఒకే గీత గీస్తే చుక్కలు చెల్లాచెదురై ఏదీ తేలదు. బూడిద ఉందా లేదా అని మైక్రోస్కోపు కింద చూడటం ఎంతో చవక: గాజు గోళీల్లాంటి గుండ్రటి కణాలు కనిపిస్తే అది బూడిదే. ఈ పని చాలామంది చెయ్యరు, ఎందుకో తెలియదు.

నీటి నమూనా: ఎక్కడ ముంచాలి

వాగు నీళ్లు నదిలో కలవగానే కలిసిపోవు. కుడి గట్టును పట్టుకుని చాలా దూరం విడిగా పారతాయి. కలిసిన చోటికి అర కిలోమీటరు కింద కుడి గట్టున ముంచితే వాగు నీళ్లే మళ్లీ దొరుకుతాయి. నడి నదిలో ముంచితే వాగు ఊసే ఉండదు. ముందు తెప్ప మీద కండక్టివిటీ మీటరుతో (నీటి విద్యుద్వాహకత కొలిచేది) ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పది చోట్ల కొలవాలి. అంకెల మధ్య తేడా 5 శాతం లోపుకు వచ్చిన అడ్డుకోతే (గట్టు నుంచి గట్టుకు నదికి అడ్డంగా గీసిన గీత) 'కలిసిన తర్వాత' స్టేషన్. అంతకు పైన తప్పనిసరై తీయాల్సి వస్తే అడ్డుకోతలో ఐదు చోట్ల తీసి, ప్రవాహం నిష్పత్తిలో కలపాలి.

ఈ మేరలోనే గోదావరి మీదున్న సుందిళ్ల బ్యారేజీ ఈ లెక్కను ఇంకా తిప్పుతుంది. నీళ్లు నిలిస్తే అడుగున ఆక్సిజన్ తగ్గి, మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు కరిగి, వాటిని అంటుకున్న ఆర్సెనిక్ నీళ్లలోకి వస్తుంది. గేట్లు ఎత్తితే బురద గాలికి ఆరి సల్ఫైడ్లు విరిగి జింకు, కాడ్మియం కదులుతాయి. 2023 అక్టోబరులో దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక పై బ్యారేజీల్లో కూడా నీళ్లు నిలపలేదు. అందువల్ల అంతకు ముందు ఏడాది, తర్వాతి ఏడాది ఒకే చోట తీసిన నమూనాల తేడాను ఏ ఫ్యాక్టరీకీ కట్టబెట్టడానికి వీల్లేదు. తీసిన రోజు గేట్ల స్థితి, నీటిమట్టం ఫీల్డ్ షీటులో ఒక గడిగా ఉండాలి.

కాలం విషయం క్లుప్తంగా: మే నెల సన్న ప్రవాహంలో ఒకసారి, తొలకరి మొదటి ఉరవడిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. వినాయక నిమజ్జనం తర్వాత రెండు మూడు వారాలు ఘాట్ల పక్కన తీయొద్దు. విగ్రహాల రంగుల్లోని సీసం, క్రోమియం కొన్నాళ్లు అక్కడే ఉంటాయి.

బాటిల్ నుంచి ఆమ్లం దాకా

ఈ పనిలో తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడ, కాబట్టి కొంచెం ఆగాలి.

బాటిళ్లు హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి, మూత రంగులేనిది. రంగు మూతల పిగ్మెంటులో కాడ్మియం ఉండొచ్చు. 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో కనీసం 24 గంటలు నానబెట్టి, డీఅయనైజ్డ్ నీటితో మూడుసార్లు కడిగి, జిప్ సంచీలో పెట్టి తీసుకెళ్లాలి. బోరోసిలికేట్ గాజు వాడితే బూడిదకు ఆనవాలైన బోరాన్ గాజులోంచే వస్తుంది. గ్లవ్స్ పౌడరు లేనివి కావాలి. పౌడరు గ్లవ్స్‌తో మొదట చెడేది జింకు అంకె.

కరిగిన లోహం కావాలంటే 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వాగు గట్టు మీదే వడకట్టాలి. ఆమ్లం వేసి ల్యాబుకు తెచ్చాక వడకడితే మట్టి కణాల మీది లోహం అప్పటికే కరిగిపోయి ఉంటుంది. దాన్ని కరిగిన లోహం అని రాయడం తప్పు. మొదటి 50 మి.లీ. పారబోయాలి. వానకాలపు ఎర్రనీళ్లలో ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. మూసుకున్న కొద్దీ దాని రంధ్రం చిన్నదై, ఇనుము, అల్యూమినియం కొల్లాయిడ్లు (నీళ్లలో తేలాడే అతి సన్నటి కణాలు) ఆగిపోయి అంకెలు కిందికి జారతాయి. నెట్టడం కష్టం కాగానే ఫిల్టరు మార్చాలి, బలంగా నెట్టకూడదు.

వడకట్టాక లీటరుకు 2 మి.లీ. గాఢ నైట్రిక్ ఆమ్లం, ట్రేస్ మెటల్ గ్రేడుది. పీహెచ్ 2 లోపుకు దిగాలి. క్షారగుణం ఎక్కువున్న గని నీటికి అది చాలకపోవచ్చు. ఒక చుక్క స్ట్రిప్ మీద వేసి చూడాలి, స్ట్రిప్‌ను బాటిల్లో ముంచకూడదు. ఇలా నిలవచేసిన నమూనా 6 నెలలు ఆగుతుంది. పాదరసానికి వేరే బాటిల్, గడువు 28 రోజులు. ఆరు వేలెన్సీ క్రోమియానికి ఇంకో బాటిల్, దానికి ఆమ్లం వేయకూడదు. ఆమ్లంలో అది మూడు వేలెన్సీగా మారి 'లేదు' అని వస్తుంది. వడకట్టి, మంచు పెట్టెలో పెట్టి, 24 గంటల్లో కొలవాలి.

ప్రతి పది నమూనాలకు ఒక ఫీల్డ్ బ్లాంక్, ఒక జంట నమూనా. బ్లాంక్ అంటే ల్యాబులో నింపి మూత తీయని బాటిల్ కాదు. డీఅయనైజ్డ్ నీళ్లు గట్టుకు తీసుకెళ్లి, అక్కడే వడకట్టి, అదే ఆమ్లం వేసినది. బ్లాంకులో జింకు కనిపిస్తే ఆ రోజు జింకు అంకెలన్నీ పక్కన పెట్టాలి. బ్లాంకును నమూనాలోంచి తీసేసి సరిపెట్టుకోవడం మోసం కిందికే వస్తుంది.

ల్యాబులో

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో సీసం పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా., కాడ్మియానికి 0.003. ఫ్లేమ్ ఏఏఎస్ (మంటలో లోహం పీల్చుకున్న కాంతిని కొలిచే యంత్రం) సీసాన్ని నమ్మకంగా కొలిచేది దాదాపు 0.1 నుంచి. ఆ యంత్రం మీద 'కనబడలేదు' అని వచ్చిన రిపోర్టుకు అర్థం లేదు; పరిమితికి పదిరెట్లున్నా అది చూడలేదు. ఇంకా సన్నగా కొలిచే గ్రాఫైట్ ఫర్నేసో, లోహాల అయాన్లను ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్సో కావాలి. రిపోర్టు చేతికొస్తే ముందు చూడాల్సిన గడి డిటెక్షన్ లిమిట్, అంటే ఆ యంత్రం కనిపెట్టగల కనిష్ఠ సాంద్రత.

ఐసీపీ-ఎంఎస్‌కు దాని జబ్బు దానికుంది. ఆర్సెనిక్ కొలిచేది ద్రవ్యరాశి 75 దగ్గర. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 అతుక్కుంటే అదీ 75. బస్తీ మురుగులో క్లోరైడు ఎక్కువ, ఒండ్రును అక్వారీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కరిగిస్తే అందులోనూ క్లోరైడే. వెనేడియం 51 దగ్గర క్లోరిన్-ఆక్సిజన్ జంట, క్రోమియం 52 దగ్గర ఆర్గాన్-కార్బన్ జంట ఇలాగే దొంగ అంకెలిస్తాయి. ఇలాంటి జంటలను హీలియంతో ఢీకొట్టించి వడకట్టే హీలియం కొలిజన్ మోడ్‌లో నడపాలి. ఉప్పు ఉండి ఆర్సెనిక్ లేని ద్రావణం ఒకటి మధ్యమధ్య పెట్టి సున్నా వస్తోందో లేదో చూడాలి.

ఒండ్రును నైలాన్ జల్లెడతో వాగు నీటితోనే తడిగా జల్లించాలి. స్టీలు జల్లెడ క్రోమియం, నికెల్ ఇస్తుంది. 40 డిగ్రీల దగ్గర ఆరబెట్టాలి, 105కు పెడితే పాదరసం ఎగిరిపోతుంది. అగేటు కల్వంలో నూరి, అర గ్రాముకు 9 మి.లీ. నైట్రిక్, 3 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి మైక్రోవేవ్‌లో 175 డిగ్రీలకు పెడతారు. దీనితో సిలికేట్లు కరగవు, క్రోమియం బాగా తగ్గి వస్తుంది. సగటు షేల్ పట్టికలోవి పూర్తి సాంద్రతలు. కాబట్టి ఈ ఆమ్లాలతో వచ్చిన అంకెను ఆ పట్టికతో పోల్చడం రెండో పొరపాటు, ఈసారి తక్కువ చూపించే వైపు. టైటానియం గీత గీయాలన్నా హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో పూర్తిగా కరిగించాల్సిందే. దాని జోలికి వెళ్లే ల్యాబులో, ఆ ఆమ్లం ఒంటి మీద పడితే రాసే కాల్షియం గ్లూకోనేటు జెల్ చేతికందే దూరంలో ఉండాలి.

జింకు 310 వచ్చిన నమూనాకు బీసీఆర్ వరుస కరిగింపు చెయ్యాలి, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా రసాయనాలు వేసి లోహం ఎంత బిగువుగా అంటుకుందో చూడాలి. ఒక గ్రాముకు 0.11 మోలార్ ఎసిటిక్ ఆమ్లం 40 మి.లీ., 16 గంటలు ఊపుడు; తర్వాత 0.5 మోలార్ హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడు, మరో 16 గంటలు, ఆపైన 85 డిగ్రీల దగ్గర హైడ్రోజన్ పెరాక్సైడు, దాని వెనుక అమ్మోనియం ఎసిటేటు, మిగిలినది అక్వారీజియాలో. మొదటి మెట్టులో వచ్చిన జింకు కొంచెం పీహెచ్ తగ్గినా నీళ్లలోకి దిగేది, చివరి మెట్టుది రాతిలో బిగుసుకున్నది. ఊపుడు 22 డిగ్రీలకు అటూ ఇటూ 5 లోపే జరగాలి. రామగుండం మే నెలలో రాత్రి కరెంటు పోయి ఏసీ ఆగితే ఆ బ్యాచ్ పోయినట్టే, మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగు మెట్ల మొత్తాన్ని విడిగా కొలిచిన మొత్తంతో పోల్చి, 10–15 శాతం కంటే తేడా ఉంటే ఎక్కడో అపకేంద్రణలో (గిర్రున తిప్పి మట్టిని అడుక్కు దించేటప్పుడు) మట్టి ఒలికిందని అర్థం.

ఎవరి నీళ్లు

మూడు మూలాలకు మూడు ముఖాలు. బూడిద నీళ్లలో బోరాన్, మాలిబ్డినం, ఆర్సెనిక్, సెలీనియం, వెనేడియం ఉంటాయి. ఇవి క్షార నీళ్లలోనూ కరిగి తిరుగుతాయి; సీసం, రాగి అక్కడ మట్టికే అంటుకుంటాయి. అందుకే బూడిద చెరువు పొర్లు నీళ్లలో సీసం కొలిచి 'బాగుంది' అనే రిపోర్టులకు విలువ తక్కువ. గని నీళ్లలో సల్ఫేటు, మాంగనీసు, ఇనుము, వెంట కొద్దిగా నికెల్, కోబాల్టు. బస్తీ మురుగులో అమ్మోనియా, క్లోరైడు, జింకు, రాగి. జింకు చాలామటుకు రేకుల కప్పులు, మెకానిక్ షెడ్ల నుంచి.

ప్రమాణాల వైపు చూస్తే ఇంకో చిక్కు. పర్యావరణ పరిరక్షణ నియమాలు 1986లోని సాధారణ ప్రమాణాల్లో ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి నికెల్ 3.0, కాడ్మియం 2.0 మి.గ్రా. దాకా చెల్లుతుంది. తాగునీటిలో నికెల్ 0.02. అంటే 150 రెట్లు. థర్మల్ కేంద్రాల ప్రమాణాల్లో బూడిద చెరువు నీటికి పీహెచ్, తేలే ఘనపదార్థాలు, నూనె తప్ప లోహం పేరే లేదు. ఇవన్నీ నదిలో నీళ్లుండి పలచనవుతుందనే ఊహ మీద నిలిచినవి. మే నెలలో వాగులో పారేదంతా వదిలిన నీళ్లే అయినప్పుడు పలచన చేసేది ఏదీ లేదు. ప్రతి పైపూ నిబంధన లోపలే ఉండి, వాగు పశువులు తాగడానికి పనికిరాకుండా పోవచ్చు. రిపోర్టులో ఈ రెండు మాటలూ విడివిడిగా రాయాలి. ఒకదానితో ఇంకోదాన్ని కొట్టెయ్యకూడదు.

వాటాలు తేల్చేది సాంద్రత కాదు, బరువు. ప్రవాహాన్ని కరెంట్ మీటరుతో (నీటి వేగం కొలిచేది) ఉపరితలం నుంచి మొత్తం లోతులో 0.6 వంతు దగ్గర కొలవాలి. మీటరు లేకపోతే తేలే వస్తువు వేగాన్ని 0.85తో గుణించాలి. బోరాన్‌తో ఒక లెక్క:

వాగు తలకట్టు: సెకనుకు 0.2 ఘనపు మీటర్లు, లీటరుకు 0.05 మి.గ్రా. అంటే సెకనుకు 0.01 గ్రాములు.
బూడిద చెరువు పొర్లు: 0.1 ఘనపు మీటరు, 4 మి.గ్రా. అంటే 0.40 గ్రాములు.
గని నీళ్లు, మురుగు కలిపి: 0.1 ఘనపు మీటరు, 0.3 మి.గ్రా. అంటే 0.03 గ్రాములు.
నదిలో కలిసే ముందు వాగు: 0.4 ఘనపు మీటర్లు, 1.2 మి.గ్రా. అంటే 0.48 గ్రాములు, రోజుకు 41.5 కిలోలు.

పైన మూడూ కూడితే 0.44. మిగిలిన 0.04 గ్రాములు, రోజుకు మూడున్నర కిలోలు, ఎక్కడివి? బూడిద చెరువు కట్ట కింద ఊట అని రాయాలని చెయ్యి లాగుతుంది. తేడా 8 శాతమే, కరెంట్ మీటరు కొలతలోనే 10 శాతం పోతుంది. ఈ అంకెలతో ఆ మాట రాయకూడదు. ఊట అనుమానం నిజంగా ఉంటే కట్ట అడుగున, వాగు వైపు, మూడు చోట్ల రెండు మీటర్ల లోతున పీవీసీ పైపులు దింపాలి. ఒక్కో పైపులో నిలిచిన పాత నీటికి మూడు రెట్లు తోడేశాక వచ్చిన నీటిలో బోరాన్, మాలిబ్డినం కొలిచి, అదే లోతున కట్టకు దూరంగా దింపిన నాలుగో పైపుతో పోల్చాలి. నాలుగో పైపు కూడా అదే రాతి మీద ఉండాలి.